నాళాన్ని కొలిచేవాళ్లు కొలత సంగతీ చెప్పాలి

సంపాదకులకు,

అయ్యా,

హెచ్‌ఐవీతో బతుకుతున్నవాళ్ల రక్తనాళాల పరీక్షల మీద మీ ఆరోగ్య పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. అయిదారు పరీక్షల పేర్లు, పక్కన బొమ్మలు, అడుగున ఒక పెట్టెలో "మీ రక్తనాళాల వయసెంతో తెలుసుకోండి" అని పెద్ద అక్షరాలు. ఆ సాయంత్రానికల్లా మా సహాయక బృందం నుంచి నలుగురు ఫోన్ చేశారు. అందరిదీ ఒకటే ప్రశ్న: "అన్నా, వీటిలో ఏది చేయించుకోవాలి?" నన్నే ఎందుకు అడిగారంటే, వాటిలో మూడు నేను చేయించుకున్నాను. నలుగురికీ విడివిడిగా చెప్పిందంతా కలిపి మీకే రాస్తే మేలనిపించింది. ఉత్తరం పొడుగైతే మన్నించండి. కత్తెర మీ చేతిలోనే ఉంది.

నేను డాక్టర్ని కాను. ముప్ఫై రెండేళ్లు లేత్ మీద పనిచేశాను. ఇనుప కడ్డీని చక్‌లో బిగించి, టూలుతో చెక్కి, డ్రాయింగులో రాసిన సైజుకు తేవడం నా పని. మిల్లీమీటరులో నూరోవంతు ఎక్కువ చెక్కితే ఆ జాబ్, అంటే చెక్కుతున్న ముక్క, తుక్కులోకి పోయే పనులు కూడా చేశాను. అందుకని కొలత అన్న మాట వినపడగానే నా బుర్రలో మూడు ప్రశ్నలు లేస్తాయి. దేనితో కొలిచారు? ఎవరు కొలిచారు? ఎంత తేడా వస్తే సరే అనుకోవాలి? మీ వ్యాసంలో ఈ మూడింటికీ జవాబు దొరకలేదు.

నాకు హెచ్‌ఐవీ ఉందని 2003లో తెలిసింది. మరుసటి ఏడాది ఏఆర్‌టీ, అంటే హెచ్‌ఐవీని అణిచే మందులు మొదలుపెట్టారు. అప్పటి మందుల్లో స్టావుడిన్ ఒకటి. ప్రాణం నిలబెట్టింది గానీ బుగ్గల్లో కొవ్వంతా కరిగించేసింది. అద్దంలో చూసుకుంటే నా ముఖం నాకే మా తాత ముఖంలా కనిపించేది. తర్వాత మందులు మారాయి, మళ్లీ మారాయి. పదకొండేళ్లుగా నా రక్తంలో వైరస్ పరీక్షకు అందనంత తక్కువగా ఉంది. ఒంటిని కాపాడే సీడీ4 కణాలు ఆరువందలకు అటూ ఇటూ. "ఇంకేం, నువ్వు సేఫ్" అన్నారందరూ. నేనూ అదే అనుకున్నాను. అలాంటి సమయంలో మా క్లినిక్‌లో ఒక అధ్యయనానికి మనుషులు కావాలన్నారు, రక్తనాళాలు ఎలా ఉన్నాయో చూస్తారట. మందుల వల్లే ఇంతకాలం బతికాను, ఆ మందులూ ఎవరో ఒకరి మీద పరీక్షిస్తేనే కదా వచ్చాయి అనుకుని పేరిచ్చాను.

మీ వ్యాసంలో మొదటి పరీక్ష అదే. చేతి ధమని ఎంత సాగుతుందో చూసేది. రెండు వాక్యాల్లో తేల్చేశారు గానీ అక్కడ జరిగేది చూడాల్సిన పని.

ముందురోజు రాత్రి నుంచి ఏమీ తినొద్దన్నారు. కాఫీ వద్దు, సిగరెట్ వద్దు, పొద్దున నడకకు కూడా వెళ్లొద్దు. చల్లటి, వెలుతురు తక్కువగా ఉన్న గదిలో పావుగంట ఊరికే పడుకోబెట్టారు. ఆ తర్వాత స్కానింగ్ అమ్మాయి వచ్చి మోచేతి మడతకు కాస్త పైన జెల్ రాసి ప్రోబ్ ఆనించింది. తెర మీద రెండు తెల్లటి గీతలు, మధ్యన నల్లటి సందు. "అదే మీ ధమని సార్" అంది. కళ్లు చికిలించి చూస్తే, గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ సందు ఉందా లేదా అన్నంతగా కదులుతోంది, నిద్రపోతున్న పసిపిల్లాడి పొట్టలా.

తర్వాత ముంజేతికి బీపీ పట్టీ లాంటిది చుట్టి గట్టిగా గాలి కొట్టింది. నెత్తురు కిందికి పోకుండా అయిదు నిమిషాలు అలాగే ఉంచాలి. రెండో నిమిషానికి వేళ్లలో చీమలు పాకాయి. నాలుగో నిమిషానికి ఆ చెయ్యి నాది కాదనిపించింది. "కదలకండి సార్, ఇంకొక్క నిమిషం" అంటోందే గానీ ఆ అమ్మాయి నా వైపు చూడలేదు. కళ్లు తెర మీద, చెయ్యి ప్రోబ్ మీద. ఊపిరి కూడా ఆచితూచి పీలుస్తోంది. పట్టీ వదలగానే వేడి నీళ్లలో ముంచినట్టు నెత్తురు చేతిలోకి దూకింది. ఆమె మాత్రం ఇంకా కదల్లేదు. ధమని ఎక్కువగా సాగేది పట్టీ వదిలాక నిమిషం లోపు, ఆ కాసేపూ గీతలు తెర మీంచి తప్పిపోకూడదు.

ఇంతకీ అది ఎందుకు సాగుతుంది? రక్తనాళం లోపలి గోడకు ఒకే ఒక్క కణం మందాన పొర ఉంటుంది, దాన్ని ఎండోథీలియం అంటారు. నెత్తురు జోరుగా రాసుకుంటూ పోతే ఆ పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును వదులుతుంది. దాంతో చుట్టూ ఉన్న కండరం సడలి నాళం వెడల్పవుతుంది. పొర దెబ్బతింటే సాగడం తగ్గుతుంది. గోడలో కొవ్వు గడ్డలు కట్టడానికి చాలా ముందే ఈ నీరసం మొదలవుతుంది. దాన్ని కొలిస్తే జబ్బును మొలకలోనే చూడొచ్చన్నది దీని వెనకున్న ఆలోచన. చేతి ధమని మీద అల్ట్రాసౌండుతో ఇలా చూడొచ్చని సెలెర్మేయర్ అనే గుండె డాక్టరు, ఆయన తోటివాళ్లు 1992లో చూపించారు.

ఈ పొర సంగతి బయటపడిన తీరు మా వర్క్‌షాపులో జరిగిన కథలా ఉంటుంది. రాబర్ట్ ఫర్చ్‌గాట్ అనే అమెరికా శాస్త్రవేత్త కుందేలు రక్తనాళాన్ని ముక్కలు కోసి, ఎసిటైల్‌కోలిన్ వేసి చూసేవాడు. అది ఒకసారి బిగుసుకునేది, ఒకసారి సడలేది. ఒకే రసాయనం, ఒకే నాళం, రెండు ఫలితాలు. చివరికి తేలిందేమిటంటే, ముక్క తయారుచేసేటప్పుడు లోపలి గోడ దేనికైనా రాసుకుంటే ఆ పలుచటి పొర ఊడిపోతోంది. పొర ఉంటే సడలింపు, లేకపోతే బిగింపు. అంటే తేడా రసాయనంలో లేదు, ముక్కను పట్టుకున్న చేతిలో ఉంది. 1980లో ఈ సంగతి అచ్చయింది, 1998లో ఇగ్నారో, మురాద్‌లతో కలిపి ఆయనకు నోబెల్ వచ్చింది. చేతివాటం వల్ల జాబ్ పాడైతే మాకు చీవాట్లు వచ్చేవి. ఆయన మాత్రం ఆ చేతివాటాన్నే పట్టుకుని కూర్చున్నాడు.

నా కొలతకు వస్తాను. మొదట ధమని వెడల్పు 3.92 మిల్లీమీటర్లు. సాగాక 4.08. తేడా 0.16, అంటే నాలుగు శాతం. "తక్కువే సార్" అంది ఆ అమ్మాయి, నొచ్చుకుంటున్నట్టు. మూడు వారాల తర్వాత మళ్లీ పిలిచారు. అదే గది, అదే అమ్మాయి, అదే ఖాళీ కడుపు. ఈసారి 3.95 నుంచి 4.19కి పోయింది. ఆరు శాతం. ఈ మూడు వారాల్లో నేను చేసిందేమీ లేదు. మందు మార్చలేదు, బరువు తగ్గలేదు. మీ పెట్టెలో రాసిన లెక్కన చూస్తే నా నాళాలు మూడు వారాల్లో కొన్నేళ్లు చిన్నవైపోయినట్టే!

"ఎందుకమ్మా ఇంత తేడా?" అని అడిగాను. దాచకుండా చెప్పింది. "ప్రోబ్ ఒక్క వెంట్రుకవాసి పక్కకి జరిగినా అంకె మారుతుంది సార్. మీరు రాత్రి సరిగా నిద్రపోకపోయినా మారుతుంది. అందుకే ఒక్క మనిషి అంకె చూసి మేం ఏమీ చెప్పం." ఇంటికొచ్చి లెక్క వేశాను. 3.92లో ఒక శాతం అంటే 0.04 మిల్లీమీటరు. ఇనుము మీద మైక్రోమీటరు పెట్టి నూరోవంతు చదవడానికే చెయ్యి తిరగాలి. వేడిగా ఉన్న జాబ్‌ను కొలిస్తే సైజు పెద్దగా వస్తుందని చల్లారేదాకా ఆగుతాం. గట్టిగా తిప్పితే ఒక అంకె, వదులుగా తిప్పితే ఇంకో అంకె వస్తుందనే కదా మైక్రోమీటరుకు టకటకమనే రాచెట్ పెట్టారు. ఇక్కడ జాబ్ కదులుతుంది, ఊపిరి పీలుస్తుంది, భయపడుతుంది. అయినా గీతల అంచులను పొడుగునా ఎన్నో చోట్ల పట్టి సగటు తీసే సాఫ్ట్‌వేర్ ఉంది కాబట్టి ఈ మాత్రం కొలవగలుగుతున్నారు. వాళ్ల పనితనానికి దండం పెడతాను. కానీ ఆ పరీక్ష వందమందిని ఒకవైపు, వందమందిని ఇంకోవైపు పెట్టి చూడ్డానికి పనికొచ్చినంతగా నాలాంటి ఒక్కడికి, ఒక్క రోజు చేస్తే పనికిరాదు. వందమందిలో పైకి కిందికి పోయే తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఒక్కడిలో ఆ తప్పే జాతకమై కూర్చుంటుంది.

వందమంది లెక్క ఎంత పనికొచ్చిందో మాత్రం చెప్పకపోతే అన్యాయం. 1996 తర్వాత మూడు మందుల కలయిక వచ్చాక మాలాంటివాళ్లు చావడం తగ్గింది, కొన్నేళ్లకు గుండెపోట్ల కబుర్లు మొదలయ్యాయి. తప్పంతా మందులదే అనుకున్నారు. 2001లో అమెరికాలో ఒక చిన్న అధ్యయనంలో ప్రోటియేజ్ ఇన్హిబిటర్లు అనే రకం హెచ్‌ఐవీ మందులు వాడుతున్నవాళ్ల చేతి ధమని, వాడనివాళ్లతో పోలిస్తే బాగా తక్కువగా సాగింది. 2003లో డీఏడీ అనే పెద్ద అధ్యయనం, మందుల కలయిక వాడిన ఒక్కో ఏడాదికీ గుండెపోటు ముప్పు 26 శాతం చొప్పున పెరుగుతోందని చెప్పింది. ఆ వార్త చెవిన పడ్డప్పుడు మా బృందంలో కొందరు మందులకు "సెలవు" ఇచ్చారు. నేను కూడా 2005లో మూడు నెలలు మానేశాను. ఒంటికి విశ్రాంతి ఇస్తున్నానని నాకు నేనే చెప్పుకున్నాను.

మరుసటి ఏడాదే స్మార్ట్ అధ్యయనం ఆ భ్రమ తీర్చేసింది. 5,472 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు మందులు ఆపకుండా ఇచ్చారు. రెండో జట్టుకు సీడీ4 పడిపోయినప్పుడే ఇచ్చి, పెరగగానే ఆపారు. ఆపుతూ ఇచ్చిన జట్టులో చావులు ఎక్కువయ్యాయి. గుండె, మూత్రపిండాలు, కాలేయ జబ్బులూ ఆ జట్టులోనే ఎక్కువ. దాంతో అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు. 2008లో చేతి ధమని పరీక్ష మళ్లీ రంగంలోకి వచ్చింది. అప్పటిదాకా మందు మొహం చూడనివాళ్లకు మూడు రకాల కలయికలు ఇచ్చి కొలిస్తే, ఏ కలయిక ఇచ్చినా ఆరు నెలల్లోపే ధమని మునుపటికంటే బాగా సాగింది. అంటే కొన్ని పాత మందులు కొవ్వులు పెంచి చెరుపు చేసిన మాట నిజమే గానీ, నాళాన్ని అంతకంటే ఎక్కువగా తినేది అదుపులేని వైరసే. మీ వ్యాసంలో "ఏఆర్‌టీ మందులు రక్తనాళాలకు హాని చేస్తాయి" అని ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. ఆ ముక్క చదివి ఎవరైనా నాలాగే మందులకు సెలవిస్తే? ఈ ఉత్తరంలో మీరు ఇంకేం కత్తిరించినా ఈ పేరా ఉంచండి.

వైరస్ కనపడనంత తగ్గాక కూడా మా నాళాలకు ముప్పెందుకు అని ఫోన్ చేసినవాళ్లలో ఒక తమ్ముడు అడిగాడు. నాకు మా డాక్టరమ్మ చెప్పినట్టే చెప్పాను. నివురుగప్పిన నిప్పు. వైరస్ ఒంట్లోకి వచ్చిన తొలి వారాల్లోనే పేగుల గోడల్లో ఉండే సీడీ4 కణాలను ఊడ్చేస్తుంది. ఆ గోడ తర్వాత పూర్తిగా బాగుపడదు. పేగుల్లో ఉండాల్సిన సూక్ష్మజీవుల ముక్కలు కొద్దికొద్దిగా రక్తంలోకి కారుతుంటాయి. రక్షణ కణాలు ఎప్పుడూ యుద్ధం ఉన్నట్టే లేచి కూర్చుంటాయి. ఆ వేడి నాళాల లోపలి పొరకు తగులుతూనే ఉంటుంది. ఎన్నో దేశాల లెక్కలు కలిపి చూస్తే, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు గుండె, రక్తనాళాల జబ్బు ముప్పు లేనివాళ్లకంటే సుమారు రెండింతలని తేలింది. దీనికి సిగరెట్, బీపీ, షుగర్, వయసు తోడవుతాయి.

సిగరెట్ దగ్గర కాస్త ఆగుతాను. నేను ఇరవై ఆరేళ్లు కాల్చాను. డెన్మార్కులో మందులు సక్రమంగా వాడుతున్న హెచ్‌ఐవీ రోగులను గమనించి 2013లో ఒక లెక్క చెప్పారు. 35 ఏళ్ల వయసు మనిషికి హెచ్‌ఐవీ వల్ల పోయే ఆయుష్షు అయిదేళ్లు, సిగరెట్ వల్ల పోయేది పన్నెండేళ్లు. హెచ్‌ఐవీ వచ్చిందని తెలిసిన రోజు నేను బెంచీ మీద కూలబడి ఏడ్చాను. ఏడుస్తూ సిగరెట్ వెలిగించాను.

ఇక మిగతా పరీక్షలు. కాలి చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో భాగించి చూసే పరీక్ష నాకు నచ్చింది. 0.9, అంతకంటే తక్కువ వస్తే కాళ్ల ధమనులు పూడుకుపోతున్నాయని అర్థం. 1.4 దాటితే గోడలు గట్టిపడి పట్టీకి లొంగడం లేదని అనుమానించాలి. మా దగ్గర గో, నో-గో గేజ్ అని ఉంటుంది. ఒక కొస దూరాలి, రెండో కొస దూరకూడదు. అంతే, అంకె చదివే పని లేదు. ఇదీ అలాంటిదే. నడిస్తే పిక్కలు పట్టేసేవాళ్లకు ముందు చేయాల్సింది ఇది. కానీ ఇందులో నెగ్గినంత మాత్రాన గుండె ధమనులు బాగున్నట్టు కాదు.

మెడ నుంచి గజ్జల దాకా నాడి అల ఎంత వేగంగా పోతుందో చూసే పరీక్ష ఇంకొకటి. మెత్తటి గొట్టంలో అల నిదానంగా పోతుంది, బిరుసు గొట్టంలో పరుగెడుతుంది. సెకనుకు 10 మీటర్లు దాటితే బిరుసెక్కినట్టు లెక్క. అది కూడా ఆ రోజు బీపీని బట్టి మారుతుంది కాబట్టి బీపీ రాయకుండా ఈ అంకె ఒక్కటే ఇస్తే ఆ కాగితానికి విలువ లేదు. మూడోది మెడ ధమని గోడ మందం. దాంట్లో గోడ ఏడాదికి మందమయ్యేది మిల్లీమీటరులో నూరోవంతు అటూ ఇటూ. మీ వ్యాసం దీన్ని ఏడాదికోసారి చేయించుకోమంది! ఏడాది మార్పుకంటే కొలిచే చేతి తేడాయే ఎక్కువ ఉంటుంది. అమెరికా హృద్రోగ సంఘాలు 2013లోనే, మామూలుగా అందరికీ ముప్పు లెక్క కట్టడానికి ఈ మందం కొలవక్కర్లేదని చెప్పేశాయి. మెడలో కొవ్వు గడ్డ కనపడితే అది వేరే విషయం, దాన్ని పట్టించుకోవాల్సిందే.

సీటీ స్కానులో గుండె ధమనుల్లోని సున్నం లెక్కగట్టే పరీక్ష నేను చేయించుకోలేదు. చేయించుకున్న మా బృందం మనిషికి సున్నా వచ్చింది. ఆయన పండగ చేసుకున్నాడు. పాపం, ఆ ఉత్సాహం మీద నీళ్లు చల్లాలని కాదు గానీ, సున్నం గట్టిపడ్డ గడ్డలకే కడుతుంది. మాలాంటివాళ్లలో సున్నం కట్టని మెత్తటి గడ్డలు కూడా ఉంటాయి, పగిలితే ప్రమాదం తెచ్చే రకం వాటిలోనే ఎక్కువ. రిప్రీవ్ అనే అధ్యయనంలో అమెరికాలోని 755 మందికి రంగు మందు ఎక్కించి సీటీ తీశారు. లెక్కల ప్రకారం ముప్పు పెద్దగా లేదన్నవాళ్లే వాళ్లంతా. అయినా దాదాపు సగం మంది గుండె ధమనుల్లో గడ్డలు కనిపించాయి. మామూలు జనం కోసం కట్టిన ముప్పు పట్టికలు మా కొలతకు సరిపోవడం లేదన్నమాట. ఒక సైజుకు చేసిన గేజుతో ఇంకో సైజు జాబ్‌ను చూస్తే అన్నీ సరిగ్గానే కనిపిస్తాయి.

మరి కొలవకుండా ఏం చేయాలి అంటారా? ఆ రిప్రీవే దానికి జవాబిచ్చింది. మీ వ్యాసంలో దాని పేరే లేదు. 40 నుంచి 75 ఏళ్ల మధ్య ఉన్న 7,769 మంది హెచ్‌ఐవీ రోగులు, 12 దేశాలవాళ్లు. సగం మందికి రోజూ కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ రకం మందు పిటావాస్టాటిన్ 4 మిల్లీగ్రాములు, సగం మందికి మందు లేని ఉత్తి మాత్ర. అయిదేళ్లు దాటేసరికి మందు వేసుకున్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం వంటి పెద్ద దెబ్బలు 35 శాతం తగ్గాయి. తేడా అంత స్పష్టంగా ఉండడంతో అనుకున్న గడువుకు ముందే ఆపి, 2023లో ఫలితాలు ప్రకటించారు. చేరేముందు ఎవరి చేతి ధమనీ సాగదీసి చూడలేదు, ఎవరి మెడ గోడా కొలిచి ఎంచలేదు. వయసు, బీపీ, కొలెస్ట్రాల్, సిగరెట్ లాంటి మామూలు లెక్కలే చూశారు.

ఇక్కడ కూడా మొత్తం చెప్పాలి. 35 శాతం అంటే చాలా పెద్దగా వినిపిస్తుంది. వెయ్యిమందిని ఏడాదిపాటు చూస్తే ఉత్తి మాత్ర జట్టులో ఏడుగురికి పైగా దెబ్బ తగిలింది, మందు జట్టులో అయిదుగురికి లోపు. ఒక్క మనిషిని కాపాడాలంటే సుమారు వందమంది అయిదేళ్లు మాత్ర మింగాలి. మందు వేసుకున్నవాళ్లలో షుగర్ కొత్తగా వచ్చినవాళ్లు కొంచెం ఎక్కువ, కండరాల నొప్పులు కూడా కొంచెం ఎక్కువ. అదంతా విన్నాకే నేను మాత్రకు సరేనన్నాను. ఇంకొకరు వద్దనుకోవచ్చు, అది వాళ్లూ వాళ్ల డాక్టరూ కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతి.

స్టాటిన్ అంటే ఏదో ఒకటి అని మాత్రం అనుకోకండి. దీనికి సాక్షిని నేనే. ఒకప్పుడు నేను రిటోనావిర్ అనే హెచ్‌ఐవీ మందు కలిసిన మాత్రల మీద ఉండేవాణ్ణి. కొవ్వులు ఎంత పెరిగాయంటే, పరీక్షకు తీసిన నెత్తురు తేటపడ్డాక పైన పాలలా తెల్లగా ఉందని ల్యాబువాళ్లు చూపించారు. అప్పుడు గుండె డాక్టరు దగ్గరికి వెళ్లాను. అంతకుముందు వేరే చోట నా జబ్బు సంగతి చెబితే, నర్సు బీపీ చూడ్డానికి కూడా రెండు జతల గ్లౌజులు వేసుకుంది, ఫైలు మీద ఎర్ర సిరాతో అందరికీ కనపడేలా రాసింది. చర్మానికి పట్టీ చుడితే హెచ్‌ఐవీ అంటుకోదని ఆమెకు చెప్పేవాళ్లు లేకపోయారు. ఆ రోజు తర్వాత నేను నోరు మూసుకున్నాను. గుండె డాక్టరు "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగితే లేదన్నాను. ఆయన సిమ్వాస్టాటిన్ రాశారు. ఆయన తప్పేం లేదు. రిటోనావిర్ కాలేయంలో ఆ మందును కరగనివ్వదు, రక్తంలో అది కుప్పలా పేరుకుంటుంది. ఆ రెంటినీ కలపనే కూడదు. నాకా సంగతి తెలియదు. రెండు వారాలకు తొడలు, భుజాలు కుళ్లబొడిచినట్టయ్యాయి. మూత్రం నల్లటి టీ డికాక్షన్ రంగులో వచ్చింది. మా క్లినిక్ డాక్టరమ్మ చూసి, మాత్రలు చేతిలోంచి లాక్కున్నంత పని చేసింది. మూత్రపిండాలు దక్కాయి. పిటావాస్టాటిన్‌కు ఈ పేచీ పెద్దగా లేదు, ఆ అధ్యయనానికి దాన్నే ఎంచుకోవడానికి ఒక కారణం అదే.

కాబట్టి నలుగురికీ నేను చెప్పింది ఇది. ఏఆర్‌టీ ఒక్క పూట కూడా ఆపొద్దు. సిగరెట్ ఉంటే మానాలి, మానలేకపోతే సాయం అడగాలి. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకుని అంకెలు పుస్తకంలో రాసుకోవాలి. నలభై దాటితే స్టాటిన్ సంగతి డాక్టరుతో మాట్లాడాలి, వాడే మందుల చీటీలన్నీ ముందు పెట్టి మరీ. నడిస్తే కాళ్లు పట్టేస్తున్నా, ఛాతీ బరువెక్కుతున్నా అప్పుడు ఏ పరీక్ష కావాలో వాళ్లే చెబుతారు. ఎవరైనా "నాళాల వయసు" చెబుతామంటే ఒక్క ప్రశ్న వేయాలి: ఈ అంకె ఎక్కువొస్తే నా మందుల్లో ఏం మారుస్తారు, తక్కువొస్తే ఏం మారుస్తారు? రెండింటికీ జవాబు ఒకటే అయితే లేచి వచ్చేయొచ్చు.

పరిశోధనకు పిలిస్తే మాత్రం వెళ్లమన్నాను. అక్కడ మన చెయ్యి మొద్దుబారేది మన జాతకం కోసం కాదు. ఆ స్కానింగ్ అమ్మాయిలాగా ఊపిరి బిగబట్టి ప్రోబ్ పట్టుకునేవాళ్లు లేకపోతే మందులు ఆపితే నష్టమో, వాడితే నష్టమో నేటికీ ఇంత స్పష్టంగా తేలేది కాదు.

మీకు నా మనవి చిన్నది. ఆ పేజీలో మళ్లీ ఈ విషయం రాసేటప్పుడు ప్రతి పరీక్ష పక్కనా, ఒకే మనిషికి రెండుసార్లు చేస్తే ఎంత తేడా వస్తుందో కూడా వేయండి. నా నాలుగు, ఆరు అంకెలు కావాలంటే వాడుకోండి.

పేరు, చిరునామా విడిగా జతచేశాను, అచ్చు వేయొద్దు. డాక్టరు దగ్గర ఏదీ దాచొద్దని ఇంత పొడుగున రాసి, పేపరులో మాత్రం దాచమంటున్నాడేమిటని నవ్వుకోకండి. ఇక్కడ దాస్తే ఎవరి మూత్రమూ నల్లబడదు.

ఇట్లు,
పని మానేసిన ఒక లేత్ ఆపరేటర్